చేతికి తగిన పనిముట్టు, పాదానికి తగిన చెప్పు

పదవీ విరమణ చేసిన వైద్యుడు ఇంట్లో కూర్చుని తోలు కుట్టడమేమిటని మా మునగపాకలో నన్ను అడిగేవారు చాలామందే ఉన్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు, ఇది ఆరోగ్యంతో ముడిపడిన విషయమే కనుక, మీకందరికీ ఇక్కడే వివరంగా చెబుతాను.

ఈ పని నేను నేర్చుకున్నది కుష్ఠు నివారణ కేంద్రంలో. విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదువు ముగించి ప్రభుత్వోద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలవి. అప్పట్లో మాకు డాప్సోన్ ఒక్కటే దిక్కు. 1983 నుంచి మన దేశంలో బహుళ ఔషధ చికిత్స అమలులోకి వచ్చి వ్యాధి నయం కావడం సులువైంది. కానీ అంతకుముందే చచ్చుబడిన నరాలకు స్పర్శ తిరిగి రాలేదు. ముల్లు దిగినా, నిప్పు తగిలినా అలాంటి పాదానికి తెలియదు. చిన్న పొక్కు పుండై, పుండు ఎముక దాకా పోయి, చివరకు వేళ్లు పోయేవి. వేళ్లను నేరుగా వ్యాధి తినేయడం లేదనీ, నొప్పి తెలియక పదేపదే తగిలే దెబ్బలే ఆ నష్టానికి ముఖ్య కారణమనీ వెల్లూరులో పనిచేసిన శస్త్రవైద్యుడు డాక్టర్ పాల్ బ్రాండ్ లోకానికి చాటారు. అందుకే ఆయనా, ఆయన సహచరులూ సరైన చెప్పును చికిత్సలో భాగంగానే భావించారు.

మా కేంద్రంలో ఆ చెప్పులు కుట్టే పెద్దాయన ఒకరు ఉండేవారు. పాదం ఆనే చోట మెత్తని మైక్రోసెల్యులార్ రబ్బరు, దాని కింద ముల్లు దిగని గట్టి రబ్బరు, పైన తోలు పట్టీలు, మడమ వెనుక ఒక పట్టీ. మేకు ఒక్కటి కూడా కొట్టేవారు కాదు. మేకు పైకి పొడుచుకొచ్చినా స్పర్శ లేని పాదానికి తెలియదు కదా! వేళ్ల మధ్య దూరే పట్టీ కూడా ఉండేది కాదు. అక్కడ ఒరుసుకుంటే పుండు పడుతుంది. మధ్యాహ్నం భోజన విరామంలో ఆయన పక్కన కూర్చుని నేనూ కుట్టు నేర్చుకున్నాను. ఒకనాడు ఆయన ఆరె అడిగితే నవ్వి, "బాబూ, నా ఆరె మీ సేతికి పట్టదు. మీ సేతికి తగ్గది మీరే సేసుకోవాల" అన్నారు. ఆ తరువాత బదిలీలు, ఆసుపత్రులు, సంసారం. తోలుపని వెనకబడిపోయింది.

డెబ్బై దాటాక మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఆయన మాట ప్రకారం ముందుగా పనిముట్లే చేసుకున్నాను. నా వయసువారిలో చాలామందికి బొటనవేలి మొదలు కీలు అరిగి ఉంటుంది. సన్నని పిడిని గట్టిగా బిగించి పట్టుకుంటే ఆ కీలు మీద భారం పెరుగుతుంది. పిడి లావైతే అంత బిగింపు అవసరముండదు. మన జిల్లాలోనే ఉన్న ఏటికొప్పాకలో లక్కబొమ్మలకు వాడే అంకుడు కర్ర మెత్తగా, తేలికగా ఉంటుంది. దానితో నా పిడికిలి నిండేలా పిడులు చేసుకున్నాను. సైకిలు చక్రపు ఊచను సానబట్టి, కొసన దారం తగులుకునే చిన్న గాడి పెడితే ఆరె అయింది. యంత్రపు రంపం బ్లేడు ముక్కతో తోలు కోసే రంపె చేశాను. సానబట్టేటప్పుడు అంచు నీలిరంగుకు తిరిగితే ఉక్కు పదును నిలవదు. అందుకని క్షణక్షణానికీ నీళ్లలో ముంచుతూ, కళ్లద్దాలు పెట్టుకుని, తొందరపడకుండా అరగదీయాలి. కొట్టడానికి చింతకర్ర గూటం. దారానికి తేనెమైనం. రెండు సూదులతో ఎదురెదురుగా కుట్టే కుట్టులో ఒక దారం తెగినా రెండవది పట్టి ఉంచుతుంది.

ఇక్కడొక మాట చెప్పక తప్పదు. నేను తోలు పట్టుకుంటే అందరూ "మంచి వ్యాపకం" అని మెచ్చుకుంటున్నారు. తంగేడు చెక్కతో, కరక్కాయతో తోలు ఊనిన చేతులనూ, ఊరంతటికీ చెప్పులూ మోట బావులకు తోలు బొక్కెనలూ కుట్టిన చేతులనూ మాత్రం ఇదే సమాజం ఊరి చివర ఉంచింది. పని ఒకటే. చేసినవారి పుట్టుకను బట్టి గౌరవం మారడం సమాజానికున్న రోగం. నా గురువు కుట్టిన చెప్పులు కాపాడిన పాదాలు ఎన్నో నేను కళ్లారా చూశాను.

ఇప్పుడు కుష్ఠు బాగా తగ్గింది. ఆ మొద్దుబారిన పాదం మాత్రం మధుమేహం రూపంలో మళ్లీ మన ఇళ్లలోకి వచ్చింది. చెరకు నరికిన పొలంలో మోడు గుచ్చుకున్నా, బెల్లం వండే పొయ్యి దగ్గర కాలు కాలినా, మిట్టమధ్యాహ్నం గుడి ప్రాంగణంలో రాయి కాల్చినా తెలియని రోగులను నేను చూస్తూనే ఉన్నాను. మీకు చక్కెర వ్యాధి ఉంటే ఏడాదికొకసారైనా పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోండి. నైలాన్ పోగును పాదానికి ఆనించి చేసే ఆ పరీక్షకు నొప్పి ఉండదు. చెప్పులు సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. మడమ పట్టీ ఉన్నవి ఎంచుకోండి. బూటు వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడిమి చూడండి. ఇంట్లో కూడా వట్టికాళ్లతో నడవకండి.

తోలుపని మొదలుపెట్టాలనుకునే పెద్దలకు కొన్ని జాగ్రత్తలు. ధనుర్వాతం టీకా తీసుకుని పదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోండి. రక్తం పలచబడే మందులు వాడుతున్నవారు కత్తి పట్టే ముందు తమ వైద్యుణ్ణి అడగాలి. కత్తి ఎప్పుడూ రెండవ చేతికి దూరంగా కదలాలి. జిగురు వాడేటప్పుడు కిటికీలు తెరవండి, దాని ఆవిరి మంచిది కాదు. క్రోమియంతో ఊనిన తోలు కొందరి చర్మానికి పడదు. దురద, దద్దుర్లు వస్తే ఆ తోలు మానేయండి. ఈ పని మతిమరుపును ఆపుతుందని నేను హామీ ఇవ్వను. కళ్లకూ వేళ్లకూ ఒకేసారి పని దొరుకుతుందనీ, రెండు గంటలు తెలియకుండా గడిచిపోతాయనీ మాత్రం నా అనుభవంతో చెప్పగలను.

అందరూ తోలు కుట్టనక్కరలేదు. పాదాలను చూసుకోవడం మాత్రం అందరికీ అవసరం. ఈ రాత్రి పడుకునే ముందు ఒక చిన్న అద్దం నేల మీద పెట్టి మీ అరికాళ్లు చూసుకోండి. మీ ఇంట్లో పెద్దవారుంటే వారివి మీరు చూడండి.