పండిన చెయ్యి

చిన్నప్పుడు చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల కింద అక్క, అన్నయ్య, నేను పంటలు వేసుకునేవాళ్లం. గుర్తుందా మీకా ఆట? అందరూ ఒకేసారి అరచెయ్యి పైకో కిందికో పెట్టాలి. ఎవరిది వేరుగా ఉంటే వాళ్లు పండినట్టు. ముగ్గురివీ మూడు రకాలుగా మాత్రం ఎన్నడూ పడలేదు. చేతికి ఉన్నవి రెండే వైపులు కదా!

ఈమధ్య ఓ సైన్సు కథనం కోసం చదువుతుంటే ఆ చేతులే మళ్లీ కనిపించాయి. అయస్కాంతంలోని కణాలకూ 'స్పిన్' అని పైకి, కిందికి రెండు వైపులుంటాయి. కొన్ని పదార్థాల్లో ప్రతి కణమూ పక్కదానికి ఎదురు తిరిగి ఉండాలనుకుంటుంది. రెండే అయితే సరే. త్రికోణంలో మూడుంటే? రెండు సర్దుకున్నాక మూడోది ఎటు తిరిగినా ఒకదానితో పేచీయే. శాస్త్రవేత్తలు దీనికి పెట్టిన పేరు కూడా 'ఫ్రస్ట్రేషన్'!

కంప్యూటర్‌తో లెక్క కట్టొచ్చుగా అంటారా? మూడు స్పిన్‌లకు 8 అమరికలే. 53కి దాదాపు 9 వేల లక్షల కోట్లు! అందుకే క్వాంటమ్ ప్రకృతిని క్వాంటమ్ వస్తువులతోనే అనుకరించాలని 1981లో ఫైన్‌మన్ సూచించాడు. 2010లో అమెరికాలోని మేరీలాండ్‌లో క్రిస్ మన్రో బృందం మూడు యిటర్బియం అయాన్లను శూన్యంలో విద్యుత్ క్షేత్రంతో పట్టి ఉంచింది. లేజర్లతో ఒకదాని కదలిక మిగతావాటికి తాకేలా చేసింది. చివర్లో చూస్తే ఒక వైపున్న అయాన్ వెలుగుతుంది, రెండో వైపున్నది చీకటిగా ఉంటుంది. ఒకటి వేరుగా ఉండే 6 అమరికలే ఎక్కువగా కనిపించాయి. అచ్చం మా పంటలే! చూసేదాకా వాటిలో ఏదీ ఖాయం కాదు, ఆరూ కలగలిసే ఉంటాయి. 2017లో ఇలాంటి ప్రయోగాన్నే 53 అయాన్లతో చేశారు.

మొయినాబాద్ దగ్గర నాన్న వదిలివెళ్లిన ఎకరం పొలం ఉంది. అక్క అమ్ముదామంటుంది. అన్నయ్య వద్దంటాడు. నేనెటు మొగ్గినా ఒకరికి కోపం. రెండేళ్లుగా వాళ్లిద్దరికీ మాటల్లేవు. "తప్పెవరిదిరా?" అని అడుగుతుంది అమ్మ. ఆ మూడు అయాన్లలో తప్పు దేనిది? దేనిదీ కాదు. ఆ త్రికోణమే అంత.

పోయిన ఆదివారం ఇద్దర్నీ చేవెళ్ల రోడ్డుకు రమ్మన్నాను. ఓ మర్రిచెట్టు కింద ముందు పంటలు వేశాం. పండింది నేనే. అక్క నవ్వింది. అన్నయ్యా ఆపుకోలేకపోయాడు.

పొలం సంగతి ఇంకా తేలలేదు. తిరిగి వెళ్లేటప్పుడు మాత్రం ఇద్దరూ ఒకే బస్సెక్కారు.