రెండు పాత కార్డులా, ఒక కొత్త కార్డా?

ఈసారి నల్ల తామర పురుగు గురించి కాదు, కంప్యూటర్ గురించి రాస్తున్నా. నవ్వకండి. డిగ్రీ, బీటెక్ పిల్లలున్న ఇళ్లల్లో ఇవాళో రేపో ఈ ఖర్చు మీ గడప కూడా తొక్కుతుంది. పని చేసుకునే కంప్యూటర్ అంటే ఎకరం మిర్చి పెట్టుబడిలో దగ్గర దగ్గర సగం.

మా పెద్దమ్మాయి త్రీడీ బొమ్మల పని నేర్చుకుంది. ఇంకా కట్టని ఇంటిని కంప్యూటర్లో ముందే కట్టి, గదుల్లో మనం నడుస్తున్నట్టు వీడియో చేసివ్వడం. హైదరాబాదులో హాస్టల్లో ఉండి చెయ్యొచ్చు, సొంత కంప్యూటరుంటే మన ఊళ్లోనే కూర్చుని చెయ్యొచ్చు. తను ఇక్కడే చేస్తానంది. ఒకాయన మూడు నెలల పని ఇస్తానన్నాడు, టైముకి అందిస్తేనే. కోల్డ్ స్టోరేజీలో ఉన్న టిక్కీలు కొన్ని అమ్మి 90 వేలు తీశాం. డ్రిప్పు పైపులు మార్చడానికి అనుకున్న డబ్బు అది. అందుకే ఇంత లెక్క చూశాం.

అసెంబుల్ చేసే షాపులో రెండు దారులు చెప్పారు. వాడిన జీటీఎక్స్ 1070 కార్డులు రెండు, ఒక్కోదానికి 8 జీబీ. లేదంటే కొత్త ఆర్‌టీఎక్స్ 3060 ఒకటి, 12 జీబీ. ధర ఇంచుమించు సమానం. షాపతను రెండు కార్డుల వైపే లాగాడు. "8, 8 కలిస్తే 16 అండి, 12 కన్నా ఎక్కువేగా" అన్నాడు. మా బావమరిదిదీ అదే మాట, "ఒంటెద్దు కన్నా జత మేలు కదా బావా" అని. వినడానికి లెక్క బానే ఉంది. మా అమ్మాయి మాత్రం ఒప్పుకోలేదు. తను చెప్పింది మన భాషలో చెప్తా వినండి.

కంప్యూటర్లో ప్రాసెసర్ మేస్త్రీ అనుకోండి. గ్రాఫిక్స్ కార్డు కూలీల ముఠా. ఒకే రకం చిన్న చిన్న లెక్కలు వేలకొద్దీ ఒకేసారి చేసేది అదే. ఇప్పుడు రెండు ముఠాలు పెడితే పని సగం టైములో అవుతుందా? అది పనిని బట్టి ఉంటుంది.

ఆటలు ఆడే పిల్లలకైతే రెండు కార్డులు కాడికి కట్టిన ఎడ్ల లాంటివి. ఒక బొమ్మ ఇది గీస్తే తర్వాతి బొమ్మ అది గీయాలి. ఎలపటెద్దు, దాపటెద్దు అడుగు కలవకపోతే అరక ఎట్లా గుంజుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు, తెర మీద బొమ్మ కూడా అట్లాగే తడబడుతుంది. ఎన్విడియా వాళ్లు ఈ జత కట్టే పద్ధతిని ఎస్ఎల్ఐ అనేవాళ్లు. ఆట తయారుచేసేవాళ్లు, కార్డు వాళ్లు ఇద్దరూ దానికోసం విడిగా కష్టపడాలి. 2021 జనవరి 1 నుంచి పాత కార్డులకి కొత్త ఎస్ఎల్ఐ ప్రొఫైళ్లు ఇవ్వడం ఆపేశారు. 40 సిరీస్ కార్డులకొచ్చేసరికి రెంటినీ కలిపే ఆ తగులే తీసేశారు. కాబట్టి ఆటల కోసం రెండు కార్డులు కొంటానని మీ వాడు అంటే వద్దనండి, ఆలోచించే పని లేదు.

మా అమ్మాయి పని వేరు. అది కాడి కాదు, మిర్చి కోత. నిమిషం వీడియో అంటే సెకనుకి 24 చొప్పున 1440 బొమ్మలు. ఒక్కో బొమ్మకి రెండు నిమిషాలు పడితే రెండు రోజులు రాత్రింబవళ్లు మెషిన్ ఆడాలి. ఇక్కడ రెండు ముఠాలుంటే ఎవరి సాళ్లు వాళ్లు కోసుకుంటూ పోతారు, అడుగు కలవక్కర్లేదు. తను వాడే బ్లెండర్ అనే ప్రోగ్రాం (ఉచితమే, పైసా కట్టక్కర్లేదు) రెండు కార్డులకీ పని పంచగలదు. రెండూ ఒకే రకంవైతే టైము ఇంచుమించు సగానికి వస్తుంది. అంటే బావమరిది మాట పూర్తిగా తప్పు కాదు. అమ్మాయి కూడా ఇంతవరకు కాదనలేదు.

తేడా వచ్చింది ఆ 16 దగ్గర. జీబీ అంటే కార్డు మీద సరుకు పెట్టుకునే చోటు. ఇల్లు, సోఫాలు, గోడల రంగులు, చెట్లు అన్నీ అందులో పట్టాలి. రెండు కార్డులున్నా ఆ సరుకంతా దీన్లో ఒకసారి, దాన్లో ఒకసారి పూర్తిగా పెట్టాలి. చిన్న ట్రక్కులు రెండున్నాయని పొడుగాటి తాటి దూలాన్ని సగం దీన్లో సగం దాన్లో వేసి తోలలేం కదా. 8, 8 కలిస్తే ఇక్కడ 8 మాత్రమే. పెద్ద ఇల్లు 10 జీబీ అడిగిందంటే ఆ రెండు కార్డులూ చతికిలబడతాయి, 12 జీబీది ఒక్కటే మోస్తుంది. "నాన్నా, నెమ్మదిగా అయితే రాత్రంతా కూర్చుంటాను, అసలు పట్టకపోతే ఏం చెయ్యను" అంది. నాకు ఆ ఒక్క మాటతో అర్థమైంది.

ఇక వయసు. 1070 వచ్చింది 2016లో. 3060లో వెలుగు కిరణాల లెక్కలకి విడిగా ఒక భాగమే పెట్టారు, బ్లెండర్ దాన్ని వాడుకుంటుంది. అందుకని ఆ పాతవి రెండు కలిసినా ఈ ఒక్కదాన్ని అందుకోలేవు. పైగా వాడిన కార్డుల్లో చాలా వాటిని ఈథీరియం మైనింగుకి రాత్రింబవళ్లు తోలారు. 2022 సెప్టెంబరులో ఆ మైనింగు ఆగిపోయాక కుప్పలుగా బజారుకొచ్చాయి. ఫ్యాన్లు అరిగిన కార్డు పైకి కడిగిన బండిలాగా మెరుస్తూనే ఉంటుంది.

మన ఊళ్లలో అసలు చూడాల్సింది కరెంటు. 1070 ఒకటి 150 వాట్లు, రెండంటే 300. 3060 ఒకటి 170. మిగతా మెషినుకి ఇంకో 150 వేసుకోండి. మామూలుగా దొరికే 600 వీఏ యూపీఎస్ మోసేది 360 వాట్లే. ఒక కార్డైతే 320, కరెంటు పోతే పని సేవ్ చేసి ఆపుకునేంత టైము దొరుకుతుంది. రెండు కార్డులైతే 450, యూపీఎస్ అక్కడికక్కడే పడుకుంటుంది. అప్పుడు పెద్ద యూపీఎస్, పెద్ద ఎస్ఎంపీఎస్, రెండు కార్డులు పట్టే మదర్‌బోర్డు. కార్డుల్లో మిగిలిందనుకున్నది వీటికే పోతుంది. ఇంక వేడి. రెంటచింతల ఎండలు మనకి కొత్త కాదు. పక్కపక్కన రెండు కార్డులు పెడితే కిందది వదిలిన వేడిగాలినే పైది పీలుస్తుంది. వేడెక్కిన కార్డు తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది.

చివరికి 3060 ఒకటే కొన్నాం. మిగిలిన డబ్బు 32 జీబీ ర్యామ్‌కి, యూపీఎస్‌కి పెట్టాం. పని నిలబడి రాబడి వస్తే అప్పుడు రెండో 3060 తగిలించుకోవచ్చు, ఈ పనికి రెంటినీ కలిపే తగులు అక్కర్లేదు. "మదర్‌బోర్డు మాత్రం ఇప్పుడే రెండో కార్డు పట్టేది తీసుకుందాం" అంది అమ్మాయి. దానికి ఎక్కువైంది మూడు వేల లోపే, నేను కాదనలేదు. డ్రిప్పు పైపులకి ఈ ఏడు అతుకులే.

మీరు కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. 3060 పేరుతోనే 8 జీబీది కూడా ఉంది. పెట్టె మీద 12 అని ఉందో లేదో చదవండి, పెట్టె మీది సీరియల్ నంబరూ కార్డు మీది నంబరూ ఒకటేనా చూడండి, జీఎస్టీ బిల్లు చేతిలో పడ్డాకే డబ్బులివ్వండి.