కబుర్ల కిట్టు

అత్తాకోడళ్ళకి తగాదాలు నగానట్రా దగ్గర వస్తాయని కథల్లో చదువుతుంటాం గానీ, మా ఇంట్లో వచ్చేది దోశెల పిండి దగ్గర. పప్పు నానబోసి, రుబ్బి, రాత్రంతా పులియబెట్టి, పొద్దున్నే పెనం మీద 'చుయ్'మనిపిస్తే గానీ నా దృష్టిలో అది దోశె కాదు. మా కోడలికి వీధి చివర దుకాణంలో దొరికే పిండి ప్యాకెట్టు మూల కత్తిరిస్తే చాలు. ఈ విషయంలో నేను ఇంతవరకూ నోరెత్తి ఒక్క మాట అనలేదు. అనకుండా ఎలా అనాలో అత్తలకి ఒకరు నేర్పాలా చెప్పండి!

మా కోడలు సాఫ్ట్‌వేరులో ఉంది. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూనే, ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి ఓ చిన్న యాప్ తయారుచేసింది. ఇళ్ళల్లో పచ్చళ్ళూ, పొడులూ, అప్పడాలూ చేసి అమ్ముకునే మాలాంటి వాళ్ళం నలభై మందిమి అందులో ఉన్నాం. నావి ఆవకాయ, కందిపొడి, కరివేపాకు పొడి. ఆర్డరు వస్తుంది, కట్టి పెడతాను, కొరియరు అబ్బాయి పట్టుకుపోతాడు. అంతా బాగానే ఉంది గానీ, కొనేవాళ్ళకి సవాలక్ష సందేహాలు. "వెల్లుల్లి లేకుండా చేస్తారా అండీ?" "మా అత్తగారికి బీపీ, ఉప్పు తగ్గిస్తారా?" ఇవన్నీ ఫోన్లోనే. సరిగ్గా నేను పోపు వేసేటప్పుడు ఒకరు, కాస్త నడుం వాల్చేటప్పుడు ఇంకొకరు.

"యాప్‌లోనే చాట్ పెట్టేద్దాం అత్తయ్యా. ఎవరు ఏమడిగినా అందులో రాస్తారు, మీరు తీరిగ్గా జవాబిద్దురు గాని. ఎస్‌డీకే తెచ్చుకుంటున్నాం, రెండు వారాల్లో అయిపోతుంది" అంది.

"అదేమిటే?"

"సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్ కిట్. చాట్‌కి కావలసిన సరంజామా అంతా ఒక కంపెనీ వాళ్ళు ముందే సిద్ధం చేసి ఉంచుతారు. మనం తెచ్చి మన యాప్‌లో కలుపుకోవడమే. అచ్చం దోశెల పిండి ప్యాకెట్టులాగే" అంది నవ్వాపుకుంటూ.

చూశారా! ఎక్కడ తగిలించాలో అక్కడే తగిలించింది.

"పదేళ్ళ నుంచీ ఆ పనే చేస్తున్నావు కదా! నాలుగు మాటలు అటూ ఇటూ పంపడం నువ్వే రాసుకోలేవూ?" అన్నాను, నేను మాత్రం ఊరుకుంటానా?

అది నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ఇద్దరి ఫోన్లూ తెరిచి ఉండి, ఇద్దరూ ఎదురు చూస్తూ ఉంటే ఒక్క పూటలో రాసేస్తుందట. అవతల ఫోను ఆపేసి ఉంటేనో? మాటని ఎక్కడో దాచిపెట్టి, ఆ ఫోను మేలుకోగానే అందించాలి. యాప్ మూసి ఉంటే 'మీకో కబురొచ్చింది' అని గంట కొట్టాలి. ఆ గంట మనం నేరుగా కొట్టడానికి లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లయితే గూగుల్ వాళ్ళ ద్వారా, ఐఫోన్లయితే ఆపిల్ వాళ్ళ ద్వారా వెళ్ళాలి. ముందు రాసింది ముందే కనపడాలి, లేకపోతే "వద్దు" అన్నది ముందొచ్చి "పంపండి" అన్నది తర్వాత వస్తుంది. ఒకరికే రెండు ఫోన్లుంటే రెండింట్లోనూ ఒకే వరస ఉండాలి. ఫోటోలు వెళ్ళాలి. పాత కబుర్లు వెనక్కి జరిపితే రావాలి.

"మామూలు వెబ్‌సైటు తలుపు తట్టి 'ఏమైనా ఉందా' అని అడిగి వెళ్ళిపోయేలాంటిది అత్తయ్యా. చాట్ అలా కాదు, టెలిఫోన్ పెట్టెయ్యకుండా పట్టుకు కూర్చున్నట్టు ఉండాలి. దానికి వెబ్‌సాకెట్ అని ఒక పద్ధతి ఉంది, 2011లో ప్రమాణంగా ఖాయం చేశారు. సెల్‌ఫోన్‌లో సిగ్నలు పోయినప్పుడల్లా ఆ తీగ తెగుతుంది. తెగినప్పుడల్లా ముడెయ్యాలి. ఈ ముళ్ళన్నీ మేం వేస్తూ కూర్చుంటే మీ ఆవకాయ వచ్చే ఏడాదికి అమ్ముతాం."

ఇంకో సంగతి కూడా చెప్పింది. ఇలాంటి కిట్లు అమ్మే కంపెనీల్లో సెండ్‌బర్డ్ అని ఒకటుందట. అది 2013లో దక్షిణ కొరియాలో పసిపిల్లల తల్లుల కోసం పెట్టిన యాప్‌గా మొదలైంది. తల్లులు మాట్లాడుకోడానికని చాట్ కట్టుకుంటే, తరవాత ఆ చాటే అసలు వ్యాపారమైపోయి, తల్లుల యాప్ వెనకపడిపోయిందట. ఫైర్‌బేస్ కథ ఇంకా వింత. దాని ముందు అవతారం ఎన్వాల్వ్. వెబ్‌సైట్లకి చాట్ సరఫరా చేసేది. కొందరు తీసుకున్నవాళ్ళు అందులో కబుర్లు చెప్పుకోకుండా తమ ఆటల తాలూకు లెక్కలు పంపించుకుంటున్నారట. అది కనిపెట్టి, ఆ లెక్కలు పంపే ఏర్పాటునే విడిగా తీసి 2012లో లోకానికిచ్చారు. 2014లో గూగుల్ కొనేసింది. మనిషికి ఒకటిస్తే ఇంకోదానికి వాడుకుంటాడన్నమాట! ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

సరే, పని మొదలైంది. మూడో రోజునే స్నేహితురాలి మీద మా కోడలు కేకలు వినపడ్డాయి. ఆ పిల్ల కిట్టు తాలూకు రహస్యపు తాళాన్ని తీసుకెళ్ళి యాప్‌లోనే పెట్టేసిందట. యాప్ అందరి ఫోన్లలోకీ వెళ్ళేది, తెలిసినవాడెవడైనా విప్పి చూడొచ్చు. చూశాడంటే ఎవరి పేరునైనా ఎవరికైనా రాసేస్తాడు. ఆ తాళం మన సర్వరులోనే ఉండాలి. వచ్చిన మనిషి ఎవరో చూసుకుని, కాసేపు చెల్లే చీటీ ఒకటి ఇచ్చి లోపలికి పంపాలి. నాకిది తేలిగ్గానే అర్థమైంది. బీరువా తాళాలు నా కొంగున ఉంటాయి. ఎవరికేం కావాలన్నా నేనే తీసిస్తాను గానీ తాళాలగుత్తి గుమ్మానికి వేలాడదియ్యను కదా!

తర్వాత పరీక్ష. నేను అమ్మేదాన్ని, మావారు కొనేవారు. ఆయన్ని ఫోనుతో లిఫ్టులోకి పంపింది కోడలు. సిగ్నలు లేదు. ఆయన నొక్కారు, వెళ్ళలేదు. మళ్ళీ నొక్కారు, మళ్ళీ నొక్కారు. కింద దిగేసరికి "ఆవకాయలో కారం కొంచెం తగ్గించగలరా?" అని నాకు మూడు సార్లు వచ్చింది. ముప్ఫయ్యేడేళ్ళ కాపురంలో ఎదురుగా ఒక్కసారీ అడగని మాట!

కోడలు మాత్రం ఆ మూడింటినీ చూసి తల పట్టుకుంది. మాటకి పుట్టుకతోనే ఒక గుర్తు వేసి, ఎన్నిసార్లు నొక్కినా అదే గుర్తుతో పంపితే అవతల ఒక్కటే నిలుస్తుందట. తను నొక్కినప్పుడల్లా కొత్త గుర్తు వేసింది. పిండి కొన్నదే అయినా దోశె మాడితే తప్పు వండేవాళ్ళదే నన్నమాట. ఈ మాట పైకి అనలేదు లెండి.

చాట్ వచ్చింది. పంపితే ఒక టిక్కు, అవతలివాళ్ళు చదివితే రెండు టిక్కులు. అవతల రాస్తూ ఉంటే మూడు చుక్కలు ఆడతాయి. నాకు ఫోను గోల తగ్గింది, పైగా ఒక స్నేహం కుదిరింది.

ఆవిడ విశాఖపట్నంలో ఉంటారు. టీచరుగా చేసి రిటైరయ్యారు. డెబ్బయ్యెనిమిదేళ్ళు. పావుకిలో కందిపొడి తెప్పించుకుని, "మా అమ్మ చేసినట్టే ఉందమ్మా" అని రాశారు. అంత మాట అన్నాక ఊరుకుంటామా? నేనూ రాశాను. వారం తిరిగేసరికి ఆవిడ నాకు పిన్నిగారు, నేను ఆవిడకి అమ్మాయిని అయిపోయాను. మధ్యాహ్నం మూడింటికి ఆవిడ చుక్కలు ఆడేవి, నేను కాఫీ గ్లాసుతో కూర్చునేదాన్ని.

ఇంతలో గొడవొచ్చింది. మాలో అప్పడాలు చేసే ఒకావిడకి, ఎప్పుడో ఒక ప్యాకెట్టు కొన్నవాడొకడు, అర్ధరాత్రి పూట "హాయ్, ఏం చేస్తున్నారు?" అని రాయడం మొదలెట్టాడు. ఆవిడ భయపడి యాప్ తీసేస్తానంది. కిట్టులో అడ్డగించే మీట ఉంది గానీ, ఆవిడకి దాని సంగతి తెలీదు. మా కోడలు అదే రాత్రి కూర్చుని కొత్త నియమం పెట్టేసింది: సరుకు అందిన మూడు రోజులకి ఆ కబుర్ల కిటికీ దానంతటదే మూసుకుంటుంది. పాతవి చదువుకోవచ్చు, కొత్తగా రాయడానికి లేదు. మంచి పని చేశావన్నాను.

అది జరిగిన మర్నాటి నుంచీ పిన్నిగారు పొడులు తెగ తెప్పించడం మొదలుపెట్టారు. కందిపొడి పావుకిలో. నాలుగు రోజులకి కరివేపాకు పొడి. ఇంకో నాలుగు రోజులకి మళ్ళీ కందిపొడి. నెల తిరక్కుండా ఏడు ప్యాకెట్లు! నాకు సంతోషమే అనుకోండి, కానీ ఒంటిమనిషి అంత పొడి ఏం చేసుకుంటారు?

"ఇందులో ఏదో పొరపాటుంది, ఆర్డర్లు రెండేసి పడుతున్నాయేమో చూడు" అన్నాను కోడలితో. అది లాప్‌టాప్ తెరిచి, కిట్టువాళ్ళిచ్చిన పేజీలోకి వెళ్ళి, మా కిటికీలు ఒక్కొక్కటే తీసింది. నేను పక్కనే నిలబడ్డాను. చూస్తే మా ఇద్దరి కబుర్లూ, ఒక్క అక్షరం పొల్లుపోకుండా, తెర మీద బారుగా ఉన్నాయి!

"ఇవన్నీ నీకు కనపడతాయా?" అన్నాను. గొంతు నాది నాకే వినపడలేదు.

"కనపడతాయత్తయ్యా. దారిలో ఎవరూ చదవకుండా కట్టుదిట్టం ఉంటుంది గానీ, సర్వరులో ఉన్నవి నడిపేవాళ్ళకి కనపడతాయి. ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియకుండా చెయ్యాలంటే వేరే పద్ధతి. వాట్సాప్ వాళ్ళు 2016లో అందరికీ పెట్టారే, అది. మేం పెట్టలేదు" అంటూ కిందికి జరుపుతోంది. నా గుండె కూడా దాంతోపాటే కిందికి జారుతోంది. ఎందుకంటే ఆ కింద ఏముందో నాకు తెలుసు.

వచ్చింది. "మా కోడలు మంచిదే గాని పిన్నిగారూ, ఇంట్లో పిండి రుబ్బుకోవడం నామోషీ. అన్నీ ప్యాకెట్టు బతుకులే." నేను రాసినదే.

దాని కింద ఆవిడ జవాబు. "ప్యాకెట్టు విప్పి దోశె వేసి పెట్టే మనిషి ఇంట్లో ఉంది కదమ్మా. నేను రెండు దోశెల కోసం పప్పు నానబోసుకోవడం మానేసి ఆరేళ్ళయింది."

ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. కోడలు ఇంకొంచెం కిందికి జరిపింది. ప్రతి కిటికీ మూసుకునే ముందు రోజు ఒకటే మాట: "రేపు మూసేస్తారటగా అమ్మాయ్. ఇంకో పావుకిలో రాస్తున్నాలే." ఇది చదివి కూడా ఆవిడ హాస్యానికి అంటున్నారనుకున్న నా తెలివికి ఏం చెప్పను? ఆవిడ పొడి కొనుక్కోవడం లేదు. కిటికీ కొనుక్కుంటున్నారు. చాట్ తీసుకుని ఆట లెక్కలు పంపించుకున్నవాళ్ళున్నారని చెప్పానే, ఈవిడ కందిపొడి ఆర్డరుని కబుర్లకి వాడుకున్నారు!

"తెరిచే ఉంచెయ్యవే" అన్నాను.

"అందరికీ తెరిస్తే ఆ అర్ధరాత్రి వాడికీ తెరిచినట్టేగా అత్తయ్యా?"

అదీ నిజమే. ఆ అప్పడాలావిడ మొహం నేనూ చూశాను. ఒకరికి గడియ కావాలి, ఒకరికి గుమ్మం కావాలి. కిట్టులో రెండూ ఉన్నాయి. ఎవరికి ఏది వెయ్యాలో చెప్పే కిట్టు మాత్రం ఎవరూ అమ్మరు.

నాలుగు రోజులు తర్జనభర్జన పడి, మా కోడలే దారి కనిపెట్టింది. మూడు రోజుల నియమం అలాగే ఉంటుంది. కానీ అమ్మే మనిషి 'ఈ కిటికీ నాకు తెరిచే ఉంచండి' అని ఒక మీట నొక్కితే ఉంటుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు మూసుకోవచ్చు. అడ్డగించే మీట మూలన దాక్కోకుండా పైకొచ్చింది. ఇంకోటి కూడా పెట్టింది: ఫిర్యాదు వస్తే తప్ప ఎవరి కబుర్లూ తెరవకూడదని ముగ్గురూ నియమం రాసుకుని, ఆ మాటే ప్రతి కిటికీ అడుగునా, 'ఫిర్యాదు వస్తే మేం చూడగలం' అని తెలుగులో వేసింది. ఎవరి మొహం చూసి పెట్టిందో నాకు తెలుసు. నా కబురు గురించి మాత్రం ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. అనకుండా ఎలా అనాలో కోడళ్ళకీ తెలుసని అప్పుడే తెలిసింది.

పిన్నిగారి కిటికీ తెరిచే ఉంది. ఆర్డర్లు నెలకి ఒకటికి దిగాయి. నా రాబడి తగ్గింది, ఫరవాలేదు.

మొన్న మా గ్రైండరు మొరాయించింది. గత్యంతరం లేక నేనే వెళ్ళి ప్యాకెట్టు తెచ్చాను. దోశెలు, చెప్పకూడదు గానీ, బాగానే వచ్చాయి. ఆ సంగతి పిన్నిగారికి రాశాను. మూడు చుక్కలు చాలాసేపు ఆడాయి.

"ఆ మాట నాక్కాదు, ఆ అమ్మాయికి చెప్పు" అని వచ్చింది.

నేను చదివేశాను. చదివినట్టు ఆవిడకి అక్కడ రెండు టిక్కులూ పడిపోయి ఉంటాయి. చూడలేదని బొంకడానికి కూడా లేదు. పక్కగదిలో కోడలు ఏదో టకటకలాడిస్తోంది. చెప్పక తప్పుతుందా?