లైఫ్‌టైమ్ అంటే ఎవరి లైఫ్?



హాస్టల్ మెస్ బిల్లుల మీద రాస్తానని పోయిన వారం చెప్పాను. అది వచ్చే వారం. ఈ వారం వీడియో ప్లేయర్ గురించి. ఈ మాట చెప్పగానే ఇద్దరు తమ్ముళ్లు "అన్నా, కులం గురించి రాసేవాడివి, నీకు సాఫ్ట్‌వేర్‌తో పనేంటి?" అని నవ్వారు. పనేంటో చివరిదాకా చదివి మీరే చెప్పండి.

మా సంఘం బీరువాలో 63 డీవీడీలున్నాయి. కారంచేడు, చుండూరు తర్వాత జరిగిన సభలు, దీక్షలు, పరామర్శ యాత్రలు. పాత వీహెచ్‌ఎస్ క్యాసెట్లు బూజు పట్టకముందే ఎవరో పుణ్యం కట్టుకుని డిస్కుల్లోకి ఎక్కించారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. 2007లో ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి జీవిత ఖైదు వేసింది. 2014లో హైకోర్టు శిక్షలన్నీ కొట్టేసింది. తీర్పు తారుమారైంది గానీ, ఆనాడు మైకు ముందు నిలబడి మన అమ్మలు చెప్పిన మాట తారుమారు కాలేదు. ఆ మాట ఈ డిస్కుల్లో ఉంది. చెప్పినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు.

ఇక అసలు సంగతి. విండోస్ 7 ఉన్న చాలా కంప్యూటర్లలో డిస్కు వేస్తే ఆడేది. 2012లో విండోస్ 8 వచ్చింది, అందులో డీవీడీ ఆడే వసతి తీసేశారు. డీవీడీలోని బొమ్మకీ శబ్దానికీ వాడే పద్ధతుల మీద పేటెంట్లున్నాయి, అమ్మిన ప్రతి కాపీకీ రాయల్టీ కట్టాలి, డిస్కులు చూసేవాళ్లు తగ్గిపోతున్నారు, కాబట్టి కావాల్సినవాళ్లు విడిగా కొనుక్కోండి అన్నారు. అమెరికాలో కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కున్నవాడికి అది చిన్న మార్పు. డిస్కుల్లోనే చరిత్ర దాచుకున్నవాళ్లకి బీరువా తాళం మార్చినట్టు.

మేమూ కొనుక్కున్నాం. చందాలేసుకుని, రసీదు రాసుకుని, ఒక కంపెనీ ప్లేయర్ తీసుకున్నాం. కంపెనీ పేరు రాయను. పెట్టె మీద పెద్దక్షరాలతో "లైఫ్‌టైమ్ లైసెన్స్" అని ఉంది. వీడియోలో ఎక్కడ కావాలంటే అక్కడ గుర్తు పెట్టుకుని, పక్కన నోట్ రాసుకునే వసతి ఉంది. పీజీ చదివే నలుగురు పిల్లలు, ఇద్దరు చెల్లెళ్లు, ఇద్దరు తమ్ముళ్లు, నాలుగు నెలలు ఆదివారాలన్నీ కూర్చుని ఆ పని చేశారు. ఏ డిస్కులో, ఎన్నో నిమిషంలో, ఎవరు, ఏ ఊరి గురించి మాట్లాడారో తెలుగులో రాశారు. మొత్తం 212 గుర్తులు. రేపు ఎవరైనా పరిశోధన చేస్తే అదే సూచిక.

ఒకరోజు "కొత్త వెర్షన్ వచ్చింది, అప్‌గ్రేడ్ చేయండి" అని తెర మీదకొచ్చింది. చేశాం. వీడియోలు ఆడాయి. 212 గుర్తుల పక్కనున్న తెలుగంతా ప్రశ్నార్థకాలైపోయింది. వరసగా ప్రశ్నార్థకాలు, మధ్యమధ్య అంకెలు.

సపోర్టుకి రాశాం. మూడో రోజు జవాబొచ్చింది: గౌరవనీయ కస్టమర్ గారూ, తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. చేశాం. ఈసారి యాక్టివేషన్ కోడ్ తీసుకోలేదు, పరిమితి అయిపోయిందంది. మళ్లీ రాశాం. ఇంకో పేరుతో ఇంకొకరు, మొదటి ఉత్తరం చదవకుండానే, అవే స్క్రీన్‌షాట్లు అడిగారు. ఇలా ఏడు ఉత్తరాలు. ఎనిమిదోదానికి నిజం బయటపడింది. మీ భాష మేం సపోర్ట్ చేసే భాషల జాబితాలో లేదు. మీ పాత వెర్షన్‌కి సపోర్ట్ ముగిసింది. తర్వాతి వెర్షన్ మీకు డిస్కౌంట్ మీద ఇస్తాం. మరి లైఫ్‌టైమ్ సంగతేంటని అడిగితే, అది ఆ వెర్షన్ లైఫ్‌టైమ్ అన్నారు. మనిషిది కాదు, కంప్యూటర్‌ది కూడా కాదు.

మిత్రులారా, ఈ లెక్క మనకు కొత్త కాదు. డి-ఫారం పట్టా మన తాతల కాలం నుంచి తెలుసు. దున్నుకో, అమ్ముకోకు, షరతు తప్పితే వెనక్కి తీసుకుంటాం అనేది దాని పద్ధతి. సాఫ్ట్‌వేర్ లైసెన్సూ అంతే. డబ్బు కట్టేది మనం, సొంతదారు వాళ్లు. ఒక్క తేడా ఉంది. 1977 చట్టంలో అమ్మకూడదన్న నిషేధం పేదోడి చెక్క భూమి పెద్దోళ్ల పాలు కాకుండా పెట్టింది. ఈ లైసెన్సులోని షరతులు ఎవరిని కాపాడడానికి పెట్టారో మీరే ఆలోచించండి.

ఉచితంగా దొరికే వీఎల్‌సీ ఉందిగా అంటారు. ఉంది, ఇప్పుడు మేం వాడేది అదే. 1996లో పారిస్‌లోని ఒక ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు మొదలుపెట్టిన పని అది. 2001 నుంచి దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. వీడియో విప్పి చూపే పనిముట్లు దాని లోపలే ఉంటాయి కాబట్టి విండోస్ ఏం తీసేసినా డిస్కు ఆడుతుంది. అక్కడా ఫోన్ ఎత్తి మాట్లాడే సపోర్ట్ డెస్క్ ఉండదు. కానీ కోడ్ తాళం మన మీద వేయదు. అలాంటిదాని వెబ్‌సైట్‌ని కూడా 2022లో మన దేశంలో నెలల తరబడి తెరుచుకోకుండా చేశారు. ముందు నోటీసు లేదు, కారణం చెప్పలేదు. లీగల్ నోటీసు వెళ్లాక నవంబరులో తెరుచుకుంది. ఉచితమైనదాన్ని నిలబెట్టుకోవడానికి కూడా అడగాల్సిందే.

మా 212 గుర్తులు ఏమయ్యాయంటే, రిపేరు షాపు తమ్ముడి దగ్గర మేం అమ్మేసిన పాత కంప్యూటర్ ఇంకా ఉంది. అందులో పాత వెర్షన్ బతికే ఉంది. ఇంటర్నెట్ తీగ పీకేసి, దాన్ని ఆన్ చేసి, ఒక చెల్లి చదువుతుంటే ఇంకో చెల్లి నోటుబుక్‌లో రాసింది. రెండు రోజులు పట్టింది. ఆ నోటుబుక్ ఇప్పుడు మా సూచిక. దాన్నే మామూలు టెక్స్ట్ ఫైలుగా టైపు చేసి దాచాం.

విద్యార్థి సంఘాల వాళ్లకు నాలుగు మాటలు. సూచికలు, నోట్లు ఏ ప్లేయర్ కడుపులోనూ దాచొద్దు, ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకునే ఫైలులో పెట్టండి. డిస్కు అసలు కాపీని అలాగే ఉంచి, ఇంకొకటి ఎంపీ4గా మార్చుకోండి. మూడు కాపీలు మూడు ఊళ్లలో, మూడు ఇళ్లలో ఉండాలి. డబ్బు కట్టి మోసపోతే ఊరుకోవద్దు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. 1915కి ఫోన్ చేయొచ్చు. 5 లక్షల లోపు విలువకు వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు, మీరున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు. మా రసీదు, ఎనిమిది ఉత్తరాలు పట్టుకుని మేమూ ఆ పని మీదే ఉన్నాం. వచ్చేది కొన్ని వేలే. ఇక్కడ అడిగేది డబ్బు కాదు, మా భాష జాబితాలో లేదని పెట్టె మీద ఎందుకు రాయలేదన్న జవాబు.

ఇంకా 11 క్యాసెట్లు డిస్కుల్లోకి ఎక్కలేదు. మీ ఊళ్లో పనిచేసే వీసీఆర్ ఎవరింట్లోనైనా ఉంటే చెప్పండి. మేమే వచ్చి తీసుకెళ్తాం, పని అయ్యాక తెచ్చిస్తాం.

జై భీమ్.