పన్నెండు సెకన్ల గొంతు

శాంప్లర్‌కి సొంత శబ్దం లేదు. మనం వినిపించిన చప్పుడును అంకెలుగా మార్చి దాచుకుంటుంది. తగిలించిన కీబోర్డు మీద మెట్టు నొక్కితే తిరిగి వినిపిస్తుంది. నా దగ్గరున్నది అకాయ్ ఎస్900. 1986లో వచ్చిన యంత్రం. ఒక స్టూడియో మూతపడుతుంటే పాత సామాను ధరకి దొరికింది. మంచి నాణ్యతతో నింపితే అందులో పట్టేది దాదాపు 12 సెకన్లే. ఫ్లాపీలోకి ఎక్కించక ముందు కరెంటు పోతే అవీ పోతాయి.

సెల్‌ఫోన్లో గంటలకొద్దీ రికార్డు చేసుకునే రోజుల్లో ఇదెందుకని అడుగుతారు. 12 సెకన్లే ఉన్నప్పుడు ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకోక తప్పదు. ఆ నిర్ణయం ఎవరిదన్న ప్రశ్న కూడా తప్పదు.

ఈ యంత్రాల చరిత్రలో ఇంజనీర్లూ డీజేలూ వరసగా కనిపిస్తారు. కానీ 1980లోనే కేట్ బుష్ ఫెయిర్‌లైట్ అనే తొలితరం శాంప్లర్లో గాజు పగిలిన చప్పుడు నింపి ‘బబూష్కా’ పాటలో వాడింది. వంటింట్లో మనకి తిట్లు తెచ్చిపెట్టే చప్పుడు ఆమె చేతిలో సంగీతమైంది.

నేను బేస్తవారిపేటలో మా పెద్దమ్మ గొంతు నింపాను. పదేళ్ళప్పుడు ఆమెను మార్కాపురంలో పలకల పనికి పంపారు. ఎక్కడెక్కడి పిల్లలో అక్షరాలు దిద్దుకున్న పలకలు అవి. ఆమెకి మాత్రం రాయడం రాదు. బాలకార్మికుల కోసం 1988లో ప్రభుత్వం మొదలుపెట్టిన జాతీయ ప్రాజెక్టుల్లో మార్కాపురం పలకల పరిశ్రమకూ ఒకటి వచ్చింది. అప్పటికి పెద్దమ్మ పెళ్ళయి, బేస్తవారిపేట చేరి, ఇద్దరు పిల్లల తల్లి.

ఆమె పాడింది కలుపు పాట. పాటకి ముందు పొడుగాటి ఊపిరి, అందులో సన్నటి గరగర. మెట్టు నొక్కగానే స్వరం పలకాలి కాబట్టి ముందున్న ఊపిరిని కత్తిరించేయడం స్టూడియోల్లో అలవాటు. ఉన్న 12 సెకన్లలో 2 సెకన్లు నేను ఆ ఊపిరికే ఇచ్చాను. రాతి దుమ్ములో ఆమె గడిపిన ఏళ్ళ లెక్క ఏ హాజరు పట్టీలోనూ లేదు. ఆ గరగరలోనే ఉంది.

ఈ యంత్రంలో శ్రుతి పెంచితే వేగమూ పెరుగుతుంది. ఒక స్థాయి పైకి పోతే 12 సెకన్లు 6 అవుతాయి, పెద్దమ్మ గొంతు పసిపిల్ల గొంతవుతుంది. అది విని ఆమె నవ్వలేదు. “మార్కాపురం పొయ్యేటప్పటి గొంతు ఇది అమ్మీ” అంది. కాసేపాగి, “ఇంత బిరబిరా పాడలేదులే. అట్ల పాడితే పనిలో ఆయాసం రాదా?” అంది.

పాట ముక్కను గుండ్రంగా తిప్పాలంటే చివరా మొదలూ ఒకే మట్టంలో కలవాలి. లేకపోతే అతుకు దగ్గర టిక్కుమంటుంది. నేను ఆ టిక్కు కోసం వెతుకుతుంటే పెద్దమ్మ, “మాటను నడిమిట్ల తుంచబాక” అంది. చివరికి చరణం చివర సాగిన ‘ఓ’ దగ్గర ఇద్దరికీ కుదిరింది.

ఇక పేరు సంగతి. 2002లో అమెరికాలో ట్రూత్ హర్ట్స్ పాడిన ‘అడిక్టివ్’ పాటలో లతా మంగేష్కర్ గొంతు వాడుకున్నారు, అనుమతి లేకుండా. 1981 నాటి ‘జ్యోతి’ సినిమా పాటలోది అది. వ్యాజ్యాలు నడిచింది సంగీత దర్శకుడు బప్పీ లహిరి పేరు కోసం, హక్కులున్న కంపెనీ డబ్బు కోసం. ఆ పాటను జనం చెవుల్లో నిలిపిన గొంతు మాత్రం ఆ తగువులో పక్కన నిలబడింది. అంతటి గాయని విషయమే ఇలా ఉంటే కలుపు తీసే వాళ్ళ మాటేమిటి? ‘జానపదం’ అని గౌరవంగానే అంటాం. ఆ గౌరవం కిందే పాడిన మనిషి పేరు మాయమవుతుంది. మన కాపీరైట్ చట్టానికి 1994లో వచ్చిన సవరణ ప్రదర్శకుల హక్కును చేర్చింది. కట్టిందెవరో తెలియని పాటైనా, పాడిన గొంతుకి హక్కుంది.

ఇదంతా పెద్దమ్మకి చెప్పాను. డబ్బులొస్తే సగం నీవి, రాకపోయినా పేరు నీదే అన్నాను. “ఈ పాట నాకు నేర్పింది మా అత్త. ఆమె పేరు గూడా రాయి” అంది. ఫ్లాపీ మీద చీటీ అంటించి రెండు పేర్లూ తెలుగులో రాశాను.

కలుపు పాట ఒకరు అందిస్తే మిగిలినవాళ్ళు అందుకునేది. ఎస్900 ఒకేసారి 8 గొంతులు పలికించగలదు. అందుకునే వాళ్ళను కూడా పెద్దమ్మ గొంతుతోనే కట్టొచ్చు. ఆ మాటే అడిగాను. “అందరం నేనే అయితే కలుపెవరు తీస్తారే?” అంది.

అందుకే ఆమె చరణం తర్వాత అంతే కొలతలో ఖాళీ వదిలాను. ఈ పాట ఎక్కడ వినిపించినా, ముందుగా బేస్తవారిపేటలో ఆమెతో చేలోకి పోయిన ఆడవాళ్ళ మధ్య వినిపించాలన్నది ఆమె పెట్టిన షరతు. ఆ ఖాళీలో ఏం పాడాలో వాళ్ళకి తెలుసు.