పాడకూడని పెట్టె

ఇంట్లో సొంతంగా స్పీకరు బాక్సు కట్టుకునేవాళ్లు ముందుగా ఆరా తీసేది చెక్క మందం గురించే. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ సరిపోతుందా, 25 తేవాలా? బరువు పెరిగేకొద్దీ మంచిదన్న నమ్మకం అంత బలంగా ఉంది. అందులో కొంత నిజం ఉంది. పలక మందం రెట్టింపైతే బరువు 2 రెట్లే పెరుగుతుంది గానీ, వంగకుండా నిలిచే శక్తి 8 రెట్లవుతుంది. అయినా కంపనం పోదు, పైస్థాయికి జరుగుతుంది. మనిషి గొంతూ వయొలినూ పలికే చోటికి, చెవి చాలా చురుగ్గా ఉండే చోటికి అది చేరిందంటే మొదటికే మోసం.

బీబీసీ పరిశోధన విభాగంలో హెచ్.డి. హార్వుడ్ బృందం దీనికి ఎదురుదారి పట్టింది. బయటి కార్యక్రమాలను ప్రసారం చేసే వ్యాన్లలో ఇమిడేలా 1970లలో వాళ్లు రూపొందించిన ఎల్ఎస్3/5ఎ స్పీకరు ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు. గోడలు 12 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్, వాటి లోపలివైపు తారు పలకలు. పలచని గోడ మోగినా కింది స్థాయిలో మోగుతుంది, ఆ మోతను తారు అణచేస్తుంది. మృదంగం ఎడమ మూతకు రవ్వ ముద్ద అద్దితే చర్మం బరువెక్కి శ్రుతి దిగుతుంది కదా, తారు బరువు కూడా గోడ మీద అలాగే పనిచేస్తుంది. అంతకంటే ముఖ్యమైన పని ఇంకోటి ఉంది. గోడ వంగినప్పుడల్లా తారు కూడా సాగుతుంది. వెనక్కి వచ్చేటప్పుడు తీసుకున్న శక్తినంతా తిరిగి ఇవ్వదు, కొంత వేడిగా మారిపోతుంది. మోత చచ్చేది అక్కడే.

వార్ఫ్‌డేల్ కంపెనీని 1932లో స్థాపించిన గిల్బర్ట్ బ్రిగ్స్‌ది ఇంకా చౌకైన ఉపాయం. రెండు ప్లైవుడ్ పలకల మధ్య ఖాళీ ఉంచి, అందులో పొడి ఇసుక పోయించాడు. పలక కదిలితే రేణువులు ఒకదానితో ఒకటి ఒరుసుకుంటాయి, ఆ రాపిడిలో కంపనం కరిగిపోతుంది. ఇసుకను బాగా ఎండబెట్టి, జల్లెడ పట్టి పోయాలి. తడి మిగిలిందా, ప్లైవుడ్ ఉబ్బుతుంది.

మూడో పద్ధతి మెత్తని పొరను రెండు గట్టి పలకల మధ్య బిగించడం. అమెరికాలో ఎడ్వర్డ్ కెర్విన్ 1959లో దీని లెక్కను వివరంగా ప్రచురించాడు. పలకలు వంగినప్పుడు మధ్య పొర పక్కకు జారబోతుంది, పైపలక దాన్ని జారనివ్వదు. ఆ లాగులాటలో ఒట్టిగా అతికించిన పొర కంటే చాలా ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. అందుకే మధ్యలో వేసేది ఎండినా మెత్తగా ఉండాలి. మామూలు చెక్క జిగురు వేస్తే రెండు పలకలూ ఒకే మందపాటి పలకైపోతాయి.

కార్ డెకార్ షాపుల్లో తలుపులకు అంటించే బ్యూటైల్ షీట్లు ఈ సూత్రం మీదే పనిచేస్తాయి. జిగట రబ్బరు మీద ఉండే అల్యూమినియం రేకే అక్కడ పైపలక. పలచని కారు రేకును అణచినంత సులువుగా మందపాటి చెక్కను అది అణచలేదు. కాబట్టి ఆ షీటు 12 మిల్లీమీటర్ల గోడకే బాగా అక్కరకొస్తుంది. బాక్సు లోపల కుక్కే దూదీ ఫోమూ వేరే పనికి. అవి లోపలి గాలిలో తిరిగే ధ్వనిని తగ్గిస్తాయి, గోడ కంపనం జోలికి పెద్దగా పోవు.

షీటు అంటించే ముందు పొట్టుదుమ్ము తుడవాలి. గోడ ఎక్కువగా ఊగేది నడిమధ్యన, మూలల దగ్గర కాదు. అందుకే నడుమ నుంచి మొదలుపెట్టి, గాలి బుడగలు మిగలకుండా రోలరుతో గట్టిగా నొక్కాలి. మన ఎండలకు నిలువు గోడ మీది తారు మెత్తబడి జారే వీలుంది, బ్యూటైల్ అయితే వేడికి మెరుగ్గా నిలుస్తుంది. అంటించక ముందూ ఆ తర్వాతా వేలి కణుపుతో తట్టి చూస్తే తేడా చెవికే తెలుస్తుంది. ‘టంగ్’ మన్న గోడ ‘టప్’ మనాలి. వెనక పలకను జిగురుతో కాక స్క్రూలతో, అంచున రబ్బరు పట్టీ వేసి బిగిస్తే, చాలలేదనిపించిన చోట ఇంకో ముక్క అంటించుకోవచ్చు.