నీళ్ల గీతకు పైన

మా ఇల్లు హైదరాబాద్ నాగోల్‌లో, బండ్లగూడ చెరువుకు దిగువన ఉన్న ఒక కాలనీలో. కింద మేముంటాం, పైన ఒక జంటకు కిరాయికిచ్చాం. 2020 అక్టోబర్ 13 రాత్రి మా వంటింట్లోకి నీళ్లొచ్చాయి. ఆ వంటిల్లు మళ్లీ నిలబెట్టుకోవడానికి, అందులో ఏ కబోర్డులు పెట్టాలో తేల్చుకోవడానికి మరుసటి ఎండాకాలం దాకా పట్టింది. లోతట్టున ఇల్లున్నవాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పదమూడో తేదీ రాత్రి

ఆ రోజు మంగళవారం. పొద్దంతా వాన పడుతూనే ఉంది. ఒక్క రోజులో నగరంలో 19 సెంటీమీటర్లు కురిసిందనీ, ఘట్‌కేసర్ వైపు 32 దాటిందనీ తర్వాత పేపర్లో చదివాం. ఆ రాత్రికి మాకు తెలిసింది మా వీధి ఒక్కటే. చీకటి పడేసరికి రోడ్డు మీద మోకాళ్ల లోతు నీళ్లు. మా ఇంటి పునాది రోడ్డుకు రెండడుగులు ఎత్తు. ఇంట్లోకి రావనుకున్నాం.

నీళ్లు గుమ్మంలోంచి రాలేదు. ముందు బాత్రూం జాలీలోంచి పైకి పొంగాయి. తర్వాత సింకు కింద నుంచి. గుమ్మం దాటి వచ్చింది ఆఖరున. అప్పటికే ఇల్లంతా మురికి నీళ్లు. పై పోర్షన్ అబ్బాయి దిగి వచ్చి, నీళ్లు మీటర్ బోర్డును అందుకోకముందే మెయిన్ ఆపేశాడు. ఆ పని మా ఆయనకూ నాకూ తోచలేదు.

వంటసామాను మొత్తం గట్టు కింది కబోర్డుల్లోనే ఉంది. బియ్యం బస్తా, పప్పుల డబ్బాలు, నూనె, ఆవకాయ జాడీ. వంగి ఒక్కొక్కటే తీసి గట్టు మీద పెడుతున్నాను. కాసేపటికి షట్టర్లు తెరుచుకోలేదు. లాగితే నీళ్లు అడ్డం. ఫ్రిజ్ తేలి గోడకు ఒరిగింది. సిలిండర్ దాని గూట్లోంచి తేలి బయటికొచ్చింది. గ్యాస్‌తో కలిపి 30 కిలోల బరువుండే సిలిండర్ తేలుతుందని నేనెన్నడూ అనుకోలేదు. రబ్బరు ట్యూబు బిగుసుకుపోయి స్టవ్వును లాగుతోంది. రెగ్యులేటర్ నాబ్ ఎటు తిప్పాలో ఆ చీకట్లో నా చేతికి గుర్తు రాలేదు. రోజూ తిప్పే నాబ్ అది.

అత్తమ్మ ముందుగదిలో మంచం మీద ఉంది. మోకాళ్ల నొప్పులు, లేచి నడవలేదు. నన్ను పిలుస్తోంది. నాకు వినపడుతోంది. "వస్తున్నా అత్తమ్మా" అంటున్నాను గానీ కదల్లేదు. బియ్యం బస్తా పట్టుకుని నిలబడ్డాను. పై పోర్షన్ అమ్మాయి తొడల లోతు నీళ్లలో నడిచి వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. "ఆంటీ, బియ్యం వదిలెయ్యండి. అమ్మమ్మను తీసుకుపోదాం రండి" అంది. అప్పుడు వదిలాను. ఆ అమ్మాయి భర్త, మా ఆయన కలిసి అత్తమ్మను కుర్చీలో కూర్చోబెట్టి మెట్లెక్కించారు. రెగ్యులేటర్ ఆపింది కూడా ఆ అబ్బాయే.

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ తర్వాత వంటింటి గురించి నేను తీసుకున్న ప్రతి నిర్ణయం ఇందులోంచే వచ్చింది. కింద పెట్టుకున్న వస్తువు మనిషిని కదలనివ్వదు. ప్రాణం మీదికి వచ్చినా సరే, బియ్యం కోసం నిలబెడుతుంది.

బతుకమ్మ నుంచి సంక్రాంతి దాకా

ఆ రాత్రంతా కిరాయిదారుల ఇంట్లో కూర్చున్నాం. ఇంటి ఓనర్లం, వాళ్ల బట్టలు కట్టుకుని, వాళ్ల ప్లేట్లలో తిన్నాం. నీళ్లు కాస్త తగ్గాక వనస్థలిపురంలో బావగారింటికి పోయాం. పదిహేడున మళ్లీ గట్టిగా వాన కొట్టింది. కడుగుదామని మొదలుపెట్టిన ఇంట్లోకి రెండోసారి నీళ్లొచ్చాయి. ఆ రోజు నేను ఏడ్చాను.

నీళ్లు పూర్తిగా పోయాక గోడ మీద గోధుమరంగు గీత మిగిలింది. మా ఆయన టేపు పెట్టి కొలిచారు. నేల నుంచి 28 అంగుళాలు. మా గ్యాస్ గట్టు ఎత్తు 33. గీతకు కింద ఉన్నదంతా పాడైంది. పైన ఉన్నది చెక్కుచెదరలేదు.

కింది కబోర్డులు పార్టికల్ బోర్డువి. పైన సన్‌మైకా లాంటి తెల్లటి పొర, అంచున ఎడ్జ్ బ్యాండ్. ఆ అంచు ఊడి వచ్చింది. 18 మిల్లీమీటర్ల పలక నానిన రస్కులా ఉబ్బి, వేలితో నొక్కితే పొడిపొడిగా రాలింది. కీళ్ల స్క్రూలు చేత్తో లాగితే వచ్చేశాయి. సొరుగుల ఛానెళ్లలో బురద గట్టిపడింది. ఎన్నిసార్లు కడిగినా వాసన పోలేదు. పాత పెట్టెలన్నీ పగలగొట్టి వీధి చివర పోశాం. అక్కడ అప్పటికే వీధిలో వాళ్లందరి కబోర్డులూ కుప్పగా పడి ఉన్నాయి.

ప్రభుత్వం ప్రకటించిన పదివేల సాయం తీసుకున్నాం. మా ఆయన సంతకం పెడుతున్నప్పుడు తలెత్తలేదు. ఆ డబ్బుతో స్టవ్వు, కొత్త రెగ్యులేటర్, గిన్నెలు కొన్నాం. సద్దుల బతుకమ్మ నాడు నైవేద్యం పై పోర్షన్ వాళ్ల పొయ్యి మీద వండాను. "ఆంటీ, మీకు ఎప్పటిదాకా కావాలంటే అప్పటిదాకా వండుకోండి" అందా అమ్మాయి. సంక్రాంతి దాకా వండుకున్నాను. వాళ్ల కిరాయి నుంచి గ్యాస్ డబ్బులు పట్టుకోమంటే వాళ్లు ఒప్పుకోలేదు.

ఏది కొనాలి

మాకు మూడు దార్లు కనిపించాయి. ఇంటి దగ్గరే వడ్రంగి మేస్త్రితో ప్లైవుడ్ పని చేయించుకోవడం. ఫ్యాక్టరీలో చేసిన మాడ్యులర్ కిచెన్ మొత్తంగా తెప్పించి బిగించుకోవడం. లేదా పలకలు, స్క్రూలు డబ్బాల్లో తెచ్చుకుని మనమే బిగించుకోవడం.

ఎల్బీనగర్ వైపు ప్లైవుడ్ దుకాణాల్లో నాలుగు రకాల పలకల ముక్కలు అడిగి తెచ్చాను. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్, హెచ్‌డీహెచ్‌ఎంఆర్, మెరైన్ ప్లై. అన్నీ ఒక బకెట్లో ముంచి ఉంచాను. పార్టికల్ బోర్డు కోసిన అంచున తొందరగా నీళ్లు తాగింది. ఎండీఎఫ్ మధ్యలో కూడా ఉబ్బింది. హెచ్‌డీహెచ్‌ఎంఆర్ నిలబడింది గానీ అంచులు మెత్తబడ్డాయి. మెరైన్ ప్లై ఒక్కటే ఎండాక మునుపటిలా ఉంది. దాని మీద ఐఎస్ 710 అని ముద్ర ఉంటుంది. 72 గంటలు నీళ్లలో మరగబెట్టినా పొరలు విడిపోకూడదన్నది ఆ ప్రమాణం. తక్కువ రకానికి ఐఎస్ 303 ముద్ర ఉంటుంది. కొనేటప్పుడు దుకాణదారు మాట కాదు, పలక మీది ముద్ర చూడండి.

అయినా మురికినీళ్లలో రోజుల తరబడి మునిగితే మెరైన్ ప్లై కూడా వాసన పట్టేస్తుందని మేస్త్రి చెప్పాడు. "అమ్మా, నీళ్లొచ్చే చోట కట్టె పెట్టకండి. ఏ కట్టె అయినా సరే" అన్నాడు. తనకొచ్చే పని పోతుందని తెలిసీ ఆ మాట చెప్పాడు. ఆయనకు రుణపడి ఉన్నాను.

తర్వాత మనమే బిగించుకునే పెట్టెలు చూద్దామని మెట్రో ఎక్కి రాయదుర్గం పోయాం. నాగోల్ లైను మొదటి స్టేషన్, రాయదుర్గం చివరిది, మారాల్సిన పని లేదు. దేశంలో మొదటి ఐకియా దుకాణం 2018 ఆగస్టు 9న అక్కడే తెరిచారు. మెటాడ్ అనే కబోర్డుల వరుస చూశాం. కింది పెట్టె ఎత్తు 80 సెంటీమీటర్లు, కాళ్లు 8. వెడల్పులు 20, 30, 40, 60, 80. లోతు 60. నేను మా ఇంటి కొలతలు రాసుకున్న కాగితం తీసి చూశాను. మా గట్టు 33 అంగుళాలు, అంటే 84 సెంటీమీటర్లు. పైన గ్రానైటు మందం పోను మిగిలేది 80 దాకా. 88 సెంటీమీటర్ల పెట్టె దాని కింద పట్టదు. పైగా గట్టును మోసే కడప బండలు మధ్యలో నిలువుగా ఉన్నాయి. వాటి మధ్య ఖాళీ ఒకచోట ఉన్నంత మరోచోట లేదు. మన ఇళ్లలో గట్టు ముందు కట్టి, కబోర్డు తర్వాత పెడతాం. అక్కడ పెట్టెలు ముందు నిలబెట్టి, వాటి మీద గట్టు పరుస్తారు. ఈ తేడా తెలియకుండా కొంటే గట్టు పగలగొట్టాల్సి వస్తుంది.

గోడకు వేలాడే పెట్టెల సంగతి వేరు. లోతు 37 సెంటీమీటర్లు. పన్నెండంగుళాల కంచం హాయిగా పడుతుంది. గోడకు ముందు ఒక ఉక్కు పట్టీ బిగించి, పెట్టెలను దానికి తగిలిస్తారు. కావాలంటే తీసేయొచ్చు. నాకు నచ్చింది అదే. బిగించినట్టే విప్పుకోవచ్చు.

అక్కడే నిర్ణయించుకున్నాం. గీతకు కింద ఒక్క చెక్కపలక కూడా ఉండదు. గట్టు కింద కడప బండల అరలు అలాగే ఉంటాయి, కడిగితే బురద పోతుంది. అందులో స్టీలు బుట్టలు, ఖాళీ గిన్నెలు, బకెట్లు. తలుపుల బదులు తెర. బియ్యం, పప్పు, నూనె, పచ్చళ్లు అన్నీ పైన, గోడపెట్టెల్లో. బియ్యం బస్తాతో కొనం, పది కిలోల సంచులు కొంటాం. చూడటానికి పత్రికల్లో బొమ్మలా ఉండదని తెలుసు. మా అమ్మాయి మొదట కాస్త నొచ్చుకుంది. ఆ రాత్రి గుర్తొచ్చి ఆ తర్వాత ఏమీ అనలేదు.

గోడ ఆరాలి

పెట్టెలు వెంటనే తేలేదు. తడిగోడలో స్క్రూల గట్టాలు నిలవవు. బయటిగోడ తొమ్మిదంగుళాలది, లోపలి గోడ నాలుగున్నర. నానిన గోడ పైకి ఆరినట్టు కనిపించినా లోపల చెమ్మ ఉంటుంది. మేస్త్రి చెప్పినట్టు ఒక పాలిథిన్ ముక్కను నాలుగు పక్కలా టేపుతో గోడకు అంటించి వదిలేశాను. పొద్దున లోపలివైపు నీటిచుక్కలు పడితే గోడ ఇంకా ఆరలేదన్నమాట. సంక్రాంతి దాటినా చుక్కలు పడుతూనే ఉన్నాయి. ఎండలు ముదిరాకే ఆగాయి. అప్పుడు ఉప్పు పట్టిన ప్లాస్టరు కొట్టేయించి, కొత్తది పూయించి, స్విచ్ బోర్డులన్నీ గీతకు పైకి మార్పించాం.

మే నెల, లాక్‌డౌన్

గోడపెట్టెల డబ్బాలు మే మొదటి వారంలో వచ్చాయి. 2021 మే 12న లాక్‌డౌన్ పెట్టారు. పొద్దున ఆరు నుంచి పది దాకానే బయట తిరగనిచ్చేవారు. మేస్త్రి రాలేనన్నాడు. వానాకాలం ముందుంది. నాకు నిద్ర పట్టేది కాదు. చివరికి మేమే మొదలుపెట్టాం.

డబ్బాలతో వచ్చిన పుస్తకంలో మాటలుండవు, బొమ్మలే. అత్తమ్మకు చదువు రాదు. ఆ బొమ్మలు అందరికన్నా బాగా ఆమెకే అర్థమయ్యాయి. స్టీలు పళ్లెంలో స్క్రూలు, చెక్క గూటాలు, తిప్పి బిగించే తాళాలు వేరువేరుగా పోసి, "బిడ్డా, గీ బొమ్మల నాలుగున్నయి, నువ్వు మూడే పెట్టినవ్" అని చెప్పేది. పెట్టె మూలమట్టానికి ఉందో లేదో తెలియాలంటే మూల నుంచి మూలకు రెండువైపులా కొలవాలి. రెండూ సమానంగా వస్తేనే వెనక అట్ట బిగించాలి. లేదంటే తలుపులు కలవవు.

గోడకు రంధ్రాలు వేసింది పై పోర్షన్ అబ్బాయి. స్విచ్ బోర్డుకు నిట్టనిలువుగా పైన డ్రిల్ పెట్టలేదు, లోపల వైరు పోయి ఉంటుందని. నాలుగున్నర అంగుళాల గోడ మీద బరువు వేయొద్దన్నాడు. అందుకే బియ్యం, పప్పుల పెట్టెలు బయటిగోడ మీద ఉన్నాయి, గాజు సామాను లోపలిగోడ మీద.

ఆ తర్వాత

2021 అక్టోబర్ 8 రాత్రి ఎల్బీనగర్, సరూర్‌నగర్ వైపు మళ్లీ కుండపోత. వీధిలో నీళ్లు చూడగానే నా చేతులు వణికాయి. కబోర్డులు మారినంత మాత్రాన భయం పోలేదు. కానీ ఈసారి ఎవరేం చేయాలో ముందే అనుకున్నాం. నేను రెగ్యులేటర్ ఆపి సిలిండర్ ట్యూబు తీసేశాను. మా ఆయన మెయిన్ ఆపారు. మా అమ్మాయి, నేను కలిసి అత్తమ్మను పైకి తీసుకుపోయాం. వంటింట్లో నేను ఎత్తాల్సిందేమీ లేదు. నీళ్లు ఆఖరి మెట్టు దగ్గరే ఆగాయి. ఆగకపోయినా మేం పైనే ఉండేవాళ్లం.

2020 వరదల తర్వాత నాలాలు బాగుచేసే పథకం పెట్టారు. పనులు జరిగాయి, మంచిదే. అయినా మీ ఇల్లు చెరువుకు దిగువనుంటే నాలా మీద ఆశతో వంటిల్లు కట్టుకోకండి. పాత వాళ్లను అడిగి నీళ్లు ఎంతెత్తు వచ్చాయో గోడ మీద గీయండి. గట్టు ఎత్తు, బండల మధ్య ఖాళీ, గోడ మందం కొలిచాకే దుకాణానికి పోండి. గీతకు కింద రాయి, ఉక్కు, ప్లాస్టిక్ మాత్రమే పెట్టండి. తిండిగింజలన్నీ గీతకు పైన ఉంచండి. సిలిండర్‌ను గోడకు గొలుసుతో కట్టండి, అది తేలకుండా. రెగ్యులేటర్ ఎటు తిప్పాలో ఇంట్లో అందరూ చీకట్లో ఒకసారి చేసి చూడండి. పైన ఉండేవాళ్లతో మంచిగా ఉండండి, ఆపదలో మీరు ఎక్కేది వాళ్ల మెట్లే.